పనిముట్లును మానవుని ఆలోచనయు

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమున ఏ విషయమును గూర్చి మాటలాడవలెనని సంఘమువారిని అడుగగా, పిల్లలకు తెలివి కలుగవలెననియు పెద్దలకు నిద్ర రాకూడదనియు సెలవిచ్చిరి. ఈ రెండును ఒక్కచోట కుదురుట దుర్లభము. అయినను ప్రయత్నింతుము. మనుష్యుడు పనిముట్లను చేసినాడని మీ పాఠ్యపుస్తకములలో నున్నది. ఆ పనిముట్లు తిరిగి మనుష్యుని ఏమి చేసినవి, వాని ఆలోచనను ఏ దారిని నడిపినవి అనునది అంతగా లేదు. ఈ పూట మేము చెప్పదలచినది అదియే. దీనికై దూరదేశములకు పోనక్కరలేదు. బెంగుళూరునుండి ఒక రాత్రి రైలు ప్రయాణమున చేరదగిన చోటులలోనే ఇందుకు కావలసిన సాక్ష్యములు చాల ఉన్నవి.

1863వ సంవత్సరము మే 30వ తేదీన, భారత భూగర్భ పరిశోధనశాఖలో పనిచేయుచుండిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను ఆంగ్లేయుడు మద్రాసు చెంత పల్లావరమున ఒక రాతిముక్కను చూచినాడు. దారిని పోవువారికి అది వట్టి రాయి. ఫుట్ కన్నులకు అది మనుష్యుడు చెక్కిన పనిముట్టు. మన దేశమున పాత రాతియుగమును గుర్తించుట ఆ రాతితో మొదలైనది. అదే యేడు ఆయనయు, కింగ్ అను సహోద్యోగియు అత్తిరంపాక్కము అను గ్రామమువద్ద మరికొన్నిటిని కనుగొనిరి. 2011లో శాంతి పప్పుగారును వారి సహచరులును ప్రకటించిన లెక్క ప్రకారము అచ్చటి చేతిగొడ్డళ్ళ వయస్సు సుమారు 15 లక్షల సంవత్సరములు. నేటి మానవజాతి పుట్టి ఇంచుమించు 3 లక్షల సంవత్సరములే అయినది. కాబట్టి ఆ గొడ్డళ్ళను చెక్కినవారు మనము కాము; మనకు పూర్వులైన వేరొక జాతి మానవులు. పనిముట్టు మనకంటె వయసున పెద్దది. మనము పుట్టునప్పటికే ఇంటిలో ఉన్న సామాను అది.

ఇంకను వెనుకకు పోయినచో, ఆఫ్రికాలోని కెన్యా దేశమున 33 లక్షల సంవత్సరముల నాటి రాతి పనిముట్లు దొరికినవి. ఆ కాలపు మానవ పూర్వుల మెదడు మన మెదడులో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. పెద్ద మెదడు ముందు పుట్టి, అది తీరికగా కూర్చుండి పనిముట్టును కనిపెట్టెనని మనము సహజముగా అనుకొందుము. జరిగిన వరుస అది కాదు. చేయి ముందు నడచినది. మెదడు వెనుకనుండి వచ్చి చేతిని కలిసికొన్నది. ఆ పిమ్మట రెండును ఒకదానినొకటి లాగుకొనుచు వచ్చినవి. రాయి చెక్కగలవానికి మాంసము దక్కినది, మాంసము తిన్నవాని బిడ్డ బ్రతికినది, బ్రతికిన బిడ్డ మరికొంత నేర్పుగా చెక్కినది. పనిముట్టే మెదడును సృష్టించినదని కొందరందురు, అది అతిశయోక్తి. ఒక చేతితో చప్పట్లు మ్రోగవు గదా!

కర్ణాటకమున యాదగిరి జిల్లాలో ఇసాంపూరు అను పల్లె ఉన్నది. మన తెలుగువారును, పూనాలోని డెకన్ కాలేజి ఆచార్యులును అయిన కట్రగడ్డ పద్దయ్యగారు 1997 మొదలుకొని కొన్ని సంవత్సరములు అచ్చట త్రవ్వకములు జరిపించిరి. బయటపడినది ఒక కర్మాగారము. సుమారు 12 లక్షల సంవత్సరముల నాటి రాతి కర్మాగారము. నేలలోనుండి సున్నపురాతి పలకలు సహజముగా పైకి తేలియున్నవి. ఆనాటివారు వానిలో తగిన మందము గల పలకలను ఏరి, అంచులు కొట్టి, గొడ్డళ్ళుగను కత్తులుగను మలచిరి. కొట్టుటకు వాడిన సుత్తిరాళ్ళు మాత్రము ఆ సున్నపురాయి కాదు. అంతకన్న గట్టివైన వేరుజాతి రాళ్ళు.

పిల్లలారా, ఈ చిన్న సంగతిని కొంచెము ఆలోచింపుడు. పని యిచ్చట, పలక యిచ్చట. సుత్తి మాత్రము వేరుజాతి. దానిని వెదకి తెచ్చువాడు దారిలో ఏమి తలచుచుండవలెను? కంటికి ఎదుట లేని పలకను తలచుచుండవలెను. ఇంకను పుట్టని గొడ్డలిని తలచుచుండవలెను. ఎదుట లేనిదానిని మనసులో నిలుపుకొని నడచుట, ఆలోచన అను పెద్దమాటకు అర్థము ఇంతకంటె వేరేమున్నది?

చేతిగొడ్డలికి రెండు ప్రక్కలు సమముగా నుండును. రాతిలో ఆ సమత్వము లేదు. చెక్కువాని మనసులో నుండవలెను. పైగా ప్రతి దెబ్బయు తరువాతి దెబ్బకు చోటు సిద్ధము చేయవలెను. ఒక పెచ్చు తప్పుగా లేచెనా, రాయి పాడగును. మన చేనేతవారిలో ఇట్టి చూపు నేటికిని కనబడును. పోచంపల్లిలో నేతగాడు బట్టను నేసి రంగులు వేయడు. నేయకముందే నూలుపోగులను అక్కడక్కడ ముడివేసి రంగులో ముంచును. ముడి పడినచోట రంగు అంటదు. విప్పి మగ్గమునకు ఎక్కించువరకు ఆ పోగులు చిందరవందర మరకలు. నేసిన పిదప అవియే కుదురైన నమూనా. ఆ నమూనా అంతవరకు ఎచ్చట నుండెను? (మగ్గము మాట వచ్చినది గనుక ఒక చిన్న ముచ్చట. ఫ్రాన్సుదేశపు జకార్డు 1804లో రంధ్రముల అట్టలతో నమూనా నేయు మగ్గమును చేసినాడు. ఆ అట్టలనే బాబేజి అను ఆంగ్లేయుడు తాను తలపెట్టిన గణకయంత్రమునకు ఎరువు తెచ్చుకొన్నాడు. ఈ నగరమున ఎందరికో అన్నము పెట్టుచున్న కంప్యూటరుకు మగ్గము పినతల్లి వరుస.)

రాయి చెక్కుటకును మాటలాడుటకును చుట్టరికమున్నదని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. 2008లో డీట్రిక్ స్టౌట్ మొదలగువారు నేర్పరులచేత పూర్వపద్ధతిని రాళ్ళు చెక్కించి, వారి మెదడులో ఏ భాగము పనిచేయుచున్నదో యంత్రముతో చూచిరి. మొరటు పెచ్చులను కొట్టునప్పటికన్న చేతిగొడ్డలిని చెక్కునప్పుడు మెదడు ముందరి భాగమున, మాటల కూర్పునకు సంబంధించిన తావులకు జతయైన చోట, చురుకుదనము హెచ్చినది. 2015లో మరికొందరు 184 మందికి రాయి చెక్కుట నేర్పించి చూచిరి. నేర్పరి పనిని చూచి నేర్చినవారు అంతంతమాత్రముగా నేర్చిరి. చేతిసైగలతో నేర్పబడినవారు మెరుగు. మాటలతో నేర్పబడినవారు మరింత మెరుగు. దీనివలన ఆనాటివారికి భాష ఉండెనని ఋజువు కాదు. కాని నేర్పవలసిన పని యున్నచోట మాటకు గిరాకి యుండెనని మాత్రము చెప్పవచ్చును. "ఇట్లు కాదు, ఇదుగో ఇట్లు" అని చేయిపట్టి దిద్దువాడు దొరకినవాడు అదృష్టవంతుడు. మొదటి పాఠశాల రాళ్ళకుప్పల నడుమ వెలసియుండును.

కర్నూలు ప్రాంతమున, నేటి నంద్యాల జిల్లాలో, జ్వాలాపురము అను గ్రామమున్నది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమున టోబా అను అగ్నిపర్వతము ప్రేలగా, ఆ బూడిద సముద్రముదాటి వచ్చి అచ్చటి లోయలో మేట వేసినది. ధార్వాడ విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కోరిశెట్టరుగారును, పెట్రాగ్లియా మొదలగువారును ఆ బూడిద పొరకు క్రిందను పైనను కూడ రాతి పనిముట్లను కనుగొనిరి. ఆకాశమంతయు మసకబారిన పిదపను అచ్చటి పనివాండ్ర చేతివాటము పెద్దగా మారలేదని వారి వాదము. ఆ పనివాండ్రు ఏ జాతి మానవులని పండితులలో వివాదము. ఆ చెంతనే ఒక కొండచరియ నీడన, సుమారు 35,000 సంవత్సరముల నాడు మొదలైన సన్నని చిన్నరాతి పలుగులును, వానితోబాటు పూసలును దొరికినవి. పూస ఎవరిని చంపదు, దేనిని కోయదు. "నేను ఫలానావాడను" అని ఎదుటివానికి చెప్పును. పనిముట్టు మెడకెక్కి సంజ్ఞ అయినది.

బళ్ళారి చెంత సంగనకల్లు, కుప్పగల్లు కొండలకు వచ్చునప్పటికి మన ప్రయాణము క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్దమునకు చేరును. హిరేగుడ్డ అను కొండమీద నల్లరాతి గొడ్డళ్ళను పెద్దయెత్తున తయారుచేసిరి. ముందు పెచ్చులూడగొట్టుట, పిదప సన్నగా పొడుచుట, చివరకు బండమీద నీరుపోసి నూరుట. నూరిన చోట్ల బండలలో గాళ్ళు పడినవి. నేటికిని చేయి పెట్టి తడవవచ్చును. 1940 ప్రాంతముల చివరలో బెండపూడి సుబ్బారావుగారు ఇచ్చట త్రవ్వించి బళ్ళారి రాతియుగ సంస్కృతులపై గ్రంథము వెలువరించిరి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ దొర బూడిద దిబ్బను త్రవ్వగా పశువుల గిట్టల గుర్తులు బయటపడినవి. అది ఆలమందల దొడ్డి. దొడ్డికట్టి పశువును కాపాడువాడు నేటి ఆకలిని ఆపుకొని వచ్చేయేటి దూడను తలచువాడు. కంచె పశువునకు ఎంత అడ్డమో, మనుష్యుని తొందరపాటునకును అంత అడ్డము.

ఇక రాళ్ళను విడిచి మన యింటిలోనికి వత్తము.

మన అవ్వలు బెత్తెడు, జాన, మూర, బార అని కొలిచిరి. పిడికెడు, చారెడు, దోసెడు అని పోసిరి. దేహమే తొలి కొలబద్ద. లెక్కకు వచ్చిన, చేతివ్రేళ్ళు పది గనుక పదులు పుట్టినవి. ఇరువది యన రెండు పదులు, ముప్పది యన మూడు పదులు. మాటలోనే లెక్క దాగియున్నది. కాని భాగించుటకు వచ్చినప్పుడు తెలుగువారు పదిని పట్టుకొనలేదు, నాలుగును పట్టుకొనిరి. నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము. ప్రాంతమునుబట్టి పాత్ర పరిమాణము మారినను నాలుగు మారలేదు. ఒకటిలో నాలుగవవంతు కాలు, అందులో నాలుగవవంతు వీసము, అందులో నాలుగవవంతు కాని. కరణముల లెక్కలలో ఈ భాగములకు నిలువుగీతలు ఒక అంతస్తునకు, అడ్డుగీతలు తరువాతి అంతస్తునకు గుర్తులుగా నుండెను.

ఇట్లు ఎందుకైనది? మాకు తోచిన కారణమిది. లెక్కించునది వ్రేలు; పంచునది కన్ను. ధాన్యపు కుప్పను కంటితో రెండుగా చీల్చవచ్చును, ఒక్కొక్క సగమును మరల రెండుగా చీల్చవచ్చును. బట్టను మడిచి మరల మడువవచ్చును. ఏ పనిముట్టును లేకయే నాలుగు పాళ్ళు వచ్చును. పదిపాళ్ళు వేయుమన్నచో ఎంతటివాడైనను తడబడును. దానికి త్రాసు కావలెను, గీతల బద్ద కావలెను, బడి కావలెను. కాబట్టి మన పెద్దలు పదులతో ఎంచి నాలుగులతో పంచిరి. ఒకే తలలో రెండు లెక్కలు తగవు లేక కాపురము చేసినవి.

1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసల పద్ధతి వచ్చినది. అంతవరకు రూపాయికి 16 అణాలు. కొలది సంవత్సరములలో మీటరును కిలోగ్రామును వచ్చినవి. మంచిదే జరిగినది. దేశమంతటికి ఒకే కొలత లేనిచో బేరగాడు బాగుపడును, కొనువాడు చెడును. కాని కాలు, పరక, వీసముల ఎక్కములు బడినుండి వెడలిపోయినవి, వానితో నాలుగులలో ఆలోచించు అలవాటును వెడలిపోయినది. మిగిలినది ఒక పలుకుబడి. మన సభలలో ప్రతి వక్తయు "పదహారణాల తెలుగు" అనును, చప్పట్లు మ్రోగును. ఎదుటనున్న పిల్లలలో పదహారే ఎందుకని అడిగినవానిని మేమింతవరకు చూడలేదు. నాణెము పోయినది, నుడి నిలిచినది.

జ్ఞాపకమును కూడ మన పూర్వులు పనిముట్టుగా పదును పెట్టిరి. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూటుల కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించినాడు. పావులూరి మల్లన దానిని తెలుగు చేసినాడు. లెక్కల పుస్తకము, పద్యములలో! నేటివారికి ఇది వింతగా తోచును. తాటాకు అరుదు, ప్రతి వ్రాయుట కష్టము, చెదలకు పండితులయందు గౌరవము లేదు. పద్యమైనచో నోటికి వచ్చును. ఒక మాట జారినచో గణము తప్పి తానే పట్టిచ్చును. ఛందస్సు ఆనాటి తప్పులు దిద్దు యంత్రము. ఈ సాధనయే ముదిరి అవధానమైనది. తిరుపతి వేంకటకవులు కలము పట్టక నూర్గురు పృచ్ఛకుల సమస్యలను మనసులో నిలిపి పద్యములల్లి మరల ఒప్పజెప్పిరి. మన నగరముననే శతావధాని ఆర్. గణేశ్‌గారు ఈ విద్యను కన్నడమున పునరుద్ధరించినారు. మెదడు వారిది ఏమి, మనది ఏమి, ఒకే మాంసము. సంస్కృతి దానిని ఎట్లు దున్నినదను దానిలో భేదమున్నది.

వ్రాత సంగతి మరియొకటి. కలమాళ్ళలో ఆరవ శతాబ్దపు తెలుగు శాసనమున్నది, కన్నడమునకు అంతకు ముందుదైన హల్మిడి శాసనమున్నది. తెలుగు కన్నడములు రెండును శతాబ్దములపాటు ఒకే లిపిని వాడినవి. తరువాత క్రమముగా వేరు పడినవి, అచ్చుయంత్రము ఆ వేర్పాటును గట్టిపరచినది. అందుచేతనే మన పిల్లలు ఇంటిలో నేర్చిన తెలుగు అక్షరముతో దుకాణముపై కన్నడ పలకను సగము చదివివేయుదురు. తాటాకు ప్రతులలో పదమునకు పదమునకు ఎడము లేదు. గంటము ఆగక సాగిపోవును. చదువరి నోటితో చదివి, చెవితో విని, పదములను విరుచుకొనవలెను. అచ్చు వచ్చి ఎడము పెట్టినది. కన్ను చెవిని మించినది.

వ్రాత జ్ఞాపకమునకు శత్రువని గ్రీసుదేశపు ప్లేటో తన ఫీడ్రసు గ్రంథమున ఒక రాజుచేత అనిపించినాడు. ఆ భయమును మనము కాలిక్యులేటరును గూర్చి విన్నాము. ఇప్పుడు అడిగినదానికెల్ల జవాబు వ్రాసి యిచ్చు కృత్రిమ మేధను గూర్చి వినుచున్నాము. భయము పాతదగుటచేత అబద్ధము కాదు. నిజముగనే వ్రాత వచ్చి జ్ఞాపకమును తగ్గించినది. నూరు పద్యములు నోటికి వచ్చిన తాతలు ఎందరు, మనుమలు ఎందరు? కాని వ్రాత బదులుగా ఒకటి ఇచ్చినది: తన ఆలోచనను తానే ఎదుట పెట్టుకొని, ఇసాంపూరు పనివాడు పలకను త్రిప్పి చూచినట్లు త్రిప్పి చూచి, తప్పు పెచ్చును లేపివేయు అవకాశము. క్రొత్త యంత్రము ఏమి తీసికొనుచున్నదో కొంత కనబడుచున్నది. చెక్కిన గొడ్డలి చేతికి అందుచున్నది, చెక్కుట తప్పిపోవుచున్నది. బదులుగా ఏమి ఇచ్చునో మనము అడిగి పుచ్చుకొనవలెను.

కొందరు తలిదండ్రులు మమ్ము తరచు ప్రశ్నింతురు: "పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుచున్నారు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము. తెలుగు వ్రాత దేనికండి? ఆ గంటయేదో గణితమునకు ఇచ్చిన మార్కులైన వచ్చును." ఈ ప్రశ్న తేలికయైనది కాదు, భాషాభిమానముతో కోపించి తోసివేయదగినదియు కాదు.

1931, 1932 సంవత్సరములలో లూరియా అను రష్యా మనస్తత్వవేత్త ఉజ్బెకిస్తానమునకు పోయి చదువురాని రైతులను ప్రశ్నించినాడు. మంచు కురియు ఉత్తరదేశమున ఎలుగులన్నియు తెల్లనివి. ఫలానా ఊరు ఉత్తరముననున్నది. అచ్చటి ఎలుగు రంగేమి? చదువుకొన్నవారు తెల్లనిదనిరి. చదువురానివారిలో పలువురు, మేము చూడలేదు, చూడనిదానిని గూర్చి చెప్పము అనిరి. ఇందులో మూర్ఖత్వమేమియు మాకు కనబడదు. మన కచేరీలలో ఇట్టి సాక్షులు దొరకిన ఎంత బాగుండును! అయితే మాటలనుండి మాత్రమే మాటను పిండుట చదువుతో వచ్చు అలవాటని తేలినది. అది అక్షరము మహిమయా, బడి మహిమయా? పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో వాయి అను జాతివారు తమ స్వంతలిపిని బడి లేకయే ఇండ్లలో నేర్చుకొని ఉత్తరములు వ్రాసికొందురు. స్క్రిబ్నర్, కోల్ అనువారు వారిని పరీక్షించి 1981లో గ్రంథము ప్రకటించిరి. వట్టి లిపి తెలిసినందున తర్కశక్తి మొత్తముగా మారలేదు. వారు లిపిని ఏ పనికి వాడిరో ఆ పనికి తగిన నేర్పు మాత్రము పెరిగినది. ఉత్తరములు వ్రాయువారు, ఎదుట లేనివానికి విషయమును విప్పి చెప్పుటలో ఇతరులను మించిరి.

దీనిని బట్టి తలిదండ్రులకు మేమిచ్చు సమాధానము రెండు వైపుల పదును గలది. అక్షరములు దిద్దించి పరీక్ష పెట్టి వదలినచో తెలుగు తరగతి వలన కలుగు లాభము స్వల్పము. మీ ఆక్షేపణ న్యాయమే. ఆ అక్షరములతో పిల్లవాడు ఏదేని పని చేసినచో, అనగా తాతకు ఉత్తరము వ్రాసినను, అమ్మమ్మ చెప్పిన ఊరగాయ పాళ్ళను వరుస తప్పక వ్రాసికొనినను, ఆ పనికి తగిన ఆలోచన వానికి అబ్బును. అమ్మమ్మ "చారెడు" అన్నది ఎన్ని గ్రాములని తూచి వ్రాసినవాడు ఆ ఒక్క పంక్తిలో గణితమును, తెలుగును కలిపి నేర్చినవాడగును. మార్కులు కోరువారికిని ఇందులో నష్టము లేదు.

కాబట్టి వచ్చేయేటి సంచికలో ప్రతి తరగతినుండి పది యింటి కొలతలను, వాని నేటి తూకములతో, పిల్లలే సేకరించి ప్రకటింపవలెనని సంపాదకులను కోరుచున్నాము. పెద్ద తరగతులవారిని బళ్ళారికి తీసికొనిపోవుటకు ఉపాధ్యాయులు అంగీకరించినచో వ్యయమున కొంత సంఘము భరింపగలదని కార్యదర్శిగారు చెప్పియున్నారు. అచ్చట ఫుట్ పేర సంగనకల్లు వస్తుప్రదర్శనశాల కలదు. కుప్పగల్లు కొండమీద నల్లరాతి బండలలో కొన్నిటిని రాతితో తట్టినచో కంచువలె మ్రోగును. తట్టి తట్టి పడిన గుంటలు వానిమీద నున్నవి. ఆ కొండ అంచులు గ్రానైటు త్రవ్వకములవలన ఇదివరకే కొంత దెబ్బతిన్నవి. ఈ యేడే పోవుట మంచిది.